21 సెకన్లా, 201 సెకన్లా? ఫైర్‌వాల్ అడ్డుంటే పోర్ట్ స్కాన్ ఎందుకు పాకుతుంది, ఎలా పరుగెత్తించాలి

పోయిన దసరాకి తెనాలి వెళ్లినప్పుడు మా బాబాయ్ తన ఫోన్ నా చేతిలో పెట్టి ఒక వాట్సాప్ వీడియో చూపించాడు. ఎవరిదో షాపు సీసీ కెమెరా ఫుటేజ్ నెట్‌లో ఊరందరికీ కనిపిస్తోందట. "ఒరేయ్, నువ్వు ఈ గాడ్జెట్ల గురించి రాస్తావుగా. మన షాపు కెమెరాలు కూడా ఇలా ఎవడైనా చూస్తున్నాడేమో ఒకసారి చూడరా" అన్నాడు. బాబాయ్‌ది హార్డ్‌వేర్ షాపు. నాలుగు కెమెరాలు, ఒక డీవీఆర్, బిల్లింగ్ కంప్యూటర్, ప్రింటర్, రౌటర్, అంతే. నా రైలుకి ఇంకా నలభై నిమిషాలుంది.

ఫోన్‌లో టర్మక్స్ తెరిచి, షాపు వైఫైకి కనెక్ట్ అయి, ఎన్‌మ్యాప్‌ని అన్నిటికన్నా వేగంగా ఉండే సెట్టింగ్స్‌తో పరుగెత్తించా. రెండు నిమిషాల్లో అయిపోయింది. రౌటర్, ప్రింటర్, డీవీఆర్ కనిపించాయి. డీవీఆర్‌లో 80, 554 తెరిచి ఉన్నాయి, అవి మామూలే. బిల్లింగ్ కంప్యూటర్ లిస్ట్‌లోనే లేదు. ఆఫ్ చేసి ఉందేమో అనుకున్నా. "అంతా ఓకే బాబాయ్" అని చెప్పి రైలెక్కేశా.

బిల్లింగ్ కంప్యూటర్ ఆఫ్‌లో లేదు. నేను స్కాన్ చేస్తున్నప్పుడు కూడా బాబాయ్ దాని మీద బిల్లు కొడుతూనే ఉన్నాడు. నా కళ్లముందే ఉన్న మెషీన్‌ని స్కానర్ 'లేదు' అంటే నమ్మేశా. ఆ సంగతి రైల్లో గుంటూరు దాటాక వెలిగింది.

ఇంటికొచ్చాక రెండు వారాలు నా సొంత లాప్‌టాప్ మీద ఇదే పని. ఫైర్‌వాల్ అడ్డున్నప్పుడు స్కాన్ ఎందుకు నత్తనడక నడుస్తుంది? దాన్ని వేగంగా చేస్తూనే నిజం పోగొట్టుకోకుండా ఉండటం ఎలా? అదే ఈ ఆర్టికల్. ఎన్‌మ్యాప్ ఆప్షన్లను ఇక్కడ పలికినట్టే రాస్తున్నా. మీరు టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాల్లో, పదాల మధ్య హైఫన్ పెట్టి కొట్టాలి.

తలుపు తడితే వచ్చే మూడు జవాబులు

టీసీపీలో 65,535 పోర్టులు ఉన్నాయి. స్కానర్ ఒక్కో పోర్ట్‌కి ఒక చిన్న ప్యాకెట్ పంపి కనెక్షన్ అడుగుతుంది. పోర్ట్ తెరిచి ఉంటే 'రా' అని జవాబొస్తుంది. మూసి ఉంటే 'ఇక్కడ ఎవరూ లేరు' అని రీసెట్ ప్యాకెట్ వస్తుంది. లోకల్ నెట్‌వర్క్‌లో ఈ రెండూ కొన్ని మిల్లీసెకన్లలో వచ్చేస్తాయి కాబట్టి వేలకొద్దీ పోర్టులైనా చకచకా తేలిపోతాయి.

ఇబ్బందంతా మూడోదాంతోనే. ఫైర్‌వాల్ చాలావరకు ప్యాకెట్‌ని మింగేసి ఊరుకుంటుంది. జవాబే ఉండదు. మీరు ఎవరింటి తలుపో కొట్టారనుకోండి. 'ఇంట్లో లేరండీ' అని పక్కింటివాళ్లు చెబితే వెంటనే వెళ్లిపోతారు. ఎవరూ పలక్కపోతే? కాసేపు నిలబడతారు, మళ్లీ కొడతారు, మళ్లీ నిలబడతారు. స్కానర్ కూడా అంతే. ప్యాకెట్ దారిలో పోయిందా, ఫైర్‌వాల్ మింగిందా అన్నది దానికి ఒక్కసారితో తెలియదు. అందుకే మళ్లీ పంపుతుంది. రెండోసారీ మౌనమే అయితే 'ఫిల్టర్డ్' అని రాసుకుంటుంది.

దీని మీద ఇంకో భారం కూడా ఉంది. ఎన్‌మ్యాప్ నెట్‌వర్క్‌ని తొక్కేయకుండా జాగ్రత్తపడుతుంది. మొదట ఒకేసారి పది ప్రోబ్‌లు మాత్రమే గాల్లో ఉంచుతుంది. జవాబులు వస్తున్నకొద్దీ ఆ సంఖ్య పెంచుకుంటూ పోతుంది. జవాబే రాకపోతే పెంచడానికి ధైర్యం రాదు, పది దగ్గరే ఆగిపోతుంది.

ఇప్పుడు లెక్క చూడండి. ఎన్‌మ్యాప్ మామూలుగా చూసేది బాగా వాడుకలో ఉన్న 1000 పోర్టుల్ని. అన్నీ మౌనంగా ఉంటే ఒక్కోదానికి రెండు ప్రోబ్‌లు, మొత్తం 2000. పదేసి చొప్పున 200 విడతలు. ఒక్కో విడతకి ఎంతసేపు ఆగాలి? అవతలి మెషీన్ ఎంత దూరంలో ఉందో తెలియనప్పుడు ఎన్‌మ్యాప్ 1 సెకను ఆగుతుంది. అంటే 200 సెకన్లు. అదే లాన్‌లో దూరం ముందే తెలిస్తే 100 మిల్లీసెకన్లకి దిగుతుంది. అప్పుడు 20 సెకన్లు.

నా విండోస్ లాప్‌టాప్‌లో వైఫైని పబ్లిక్ నెట్‌వర్క్‌గా పెట్టి, అంటే ఫైర్‌వాల్ పూర్తిగా బిగించి, రెండు చోట్ల నుంచి స్కాన్ చేశా. లైనక్స్ మెషీన్ నుంచి రూట్‌గా చేస్తే 21 సెకన్లు. రూట్ లేని ఫోన్‌లో టర్మక్స్ నుంచి చేస్తే 201 సెకన్లు. అదే వైఫై, అదే లాప్‌టాప్! తేడా ఎక్కడంటే, రూట్ ఉన్న ఎన్‌మ్యాప్ లోకల్ నెట్‌వర్క్‌లో ఏఆర్‌పీతో పలకరిస్తుంది. ఏ ఫైర్‌వాలైనా ఏఆర్‌పీకి జవాబివ్వాల్సిందే, లేకపోతే ఆ మెషీన్‌కి నెట్ ఉండదు. ఆ ఒక్క జవాబుతో దూరం తెలిసిపోతుంది. ఫోన్‌లో ఆ సౌకర్యం లేదు.

బాబాయ్ కంప్యూటర్ మాయమైంది కూడా ఇందుకే. రూట్ లేని ఎన్‌మ్యాప్, మెషీన్ ఉందో లేదో తెలుసుకోవడానికి 80, 443 పోర్టుల్ని మాత్రమే తడుతుంది. విండోస్ ఫైర్‌వాల్ రెండింటినీ మింగేసింది. 'హోస్ట్ డౌన్‌లో ఉన్నట్టుంది' అని చెప్పి స్కానర్ పక్కకి తప్పుకుంది. అసలు స్కానే జరగలేదు. వేగంగా అయిపోయిందంటే అవదూ మరి!

టి5 అనే ఆకర్షణ

నెట్‌లో ఎవర్నడిగినా ముందు చెప్పేది టైమింగ్ టెంప్లేట్ల గురించే. టి0 నుంచి టి5 దాకా ఆరున్నాయి. వాటికి పెట్టిన పేర్లలోనే ఉంది విషయం: టి0 పేరు పారనాయిడ్, టి5 పేరు ఇన్‌సేన్. మామూలుగా నడిచేది టి3. టి0 అయితే ఒక్కో ప్రోబ్‌కీ మధ్య 5 నిమిషాలు ఆగుతుంది, దాని అవసరం మనకి లేదు.

ఇంట్లో, షాపులో టి4 నిశ్చింతగా వాడొచ్చు. కానీ దాని మీద పెద్ద ఆశలు పెట్టుకోకండి. మొదటి ఎదురుచూపుని అది 1 సెకను నుంచి అర సెకనుకి తగ్గిస్తుంది. ఫోన్‌లో 201 సెకన్లు 101 అయ్యాయి. లైనక్స్ మెషీన్‌లో? అదే 21. ఎందుకంటే అక్కడ ఎదురుచూపు ముందే 100 మిల్లీసెకన్లకి దిగి ఉంది, టి4 దాన్ని ఇంకా కిందకి దింపదు. 'టి4 పెట్టినా స్పీడ్ పెరగలేదు' అని తల పట్టుకునేవాళ్లకి కారణం ఇదే.

టి5 కథ వేరు. ఎదురుచూపు 250 మిల్లీసెకన్లతో మొదలై, 300 దాటదు, 50 దాకా దిగగలదు. రెండుసార్లకి మించి తిరిగి ప్రయత్నించదు. చాలామంది గమనించని ఇంకో షరతు కూడా ఉంది: ఒక మెషీన్‌కి 15 నిమిషాలే గడువు. 65,535 పోర్టులూ మౌనంగా ఉన్న మెషీన్‌ని ఫోన్ నుంచి టి5తో చూడాలంటే లెక్క ప్రకారం 54 నిమిషాలు కావాలి. 15 నిమిషాలు కాగానే ఎన్‌మ్యాప్ ఆ మెషీన్‌ని వదిలేస్తుంది. అప్పటిదాకా చూసిన ఫలితం కూడా చూపించదు. నేను టీ తాగొచ్చి చూస్తే ఖాళీ స్క్రీన్.

పైగా ఫోన్ వైఫై సంగతి మీకు తెలిసిందే. బ్యాటరీ ఆదా చేయడానికి మధ్యమధ్యలో కునుకు తీస్తుంది. మా ఇంట్లో రౌటర్‌కి పింగ్ కొడితే ఎక్కువగా 5 నుంచి 10 మిల్లీసెకన్లలో జవాబొస్తోంది, కానీ ఉన్నట్టుండి ఒకటి 90 దాటుతోంది. స్కానర్ 50 దగ్గరే ఆశ వదిలేసుకుంటే ఆ 90 మిల్లీసెకన్ల జవాబు తెరిచి ఉన్న పోర్ట్‌దే కావచ్చు!

నిజంగా పనిచేసినవి

ముందు చేయాల్సింది ఎదురుచూపుని కొలిచి పెట్టడం. పది పింగ్‌లు కొట్టి, వచ్చిన టైముల్లో ఎక్కువదాన్ని చూడండి. దానికి రెట్టింపు ఇనీషియల్ ఆర్‌టిటి టైమ్‌అవుట్‌గా, మూడు నాలుగు రెట్లు మ్యాక్స్ ఆర్‌టిటి టైమ్‌అవుట్‌గా ఇవ్వండి. టార్గెట్ పింగ్‌కి పలకకపోతే అదే వైఫై మీదున్న రౌటర్‌కి కొట్టండి, అంచనా దొరుకుతుంది. నేను 200, 400 మిల్లీసెకన్లు పెట్టా. ఫోన్‌లో 201 సెకన్ల స్కాన్ 40 దగ్గర ఆగింది.

రెండోది, ఆ 'పదేసి' అనే పరిమితిని ఎత్తడం. మిన్ ప్యారలలిజమ్ ఆప్షన్‌కి 50 ఇస్తే ఒకేసారి యాభై ప్రోబ్‌లు గాల్లో ఉంటాయి. నాకు అసలు ఆశ్చర్యం ఇక్కడే. మొత్తం 65,535 పోర్టుల స్కాన్, మౌనంగా ఉన్న మెషీన్ మీద, ఫోన్ నుంచి మామూలు సెట్టింగ్స్‌తో 3 గంటల 38 నిమిషాల లెక్క. 200 మిల్లీసెకన్ల ఎదురుచూపు, 50 ప్రోబ్‌లతో అది 9 నిమిషాలకి దిగింది. రెండోసారి తట్టడం ఎక్కడా మానలేదు. సెకనుకి 250 ప్యాకెట్లే కాబట్టి పాత రౌటర్‌కి కూడా చెమట పట్టదు.

చాలామంది వాడే మిన్ రేట్ ఆప్షన్ దీనికన్నా మొరటుది. సెకనుకి 5000 పంపమంటే నెట్‌వర్క్ మోస్తుందా లేదా అని చూడకుండా పంపేస్తుంది. దానికి తోడు మ్యాక్స్ రీట్రైస్ సున్నా పెడితే దారిలో పోయిన ప్రతి ప్యాకెట్టూ 'ఫిల్టర్డ్' అయిపోతుంది. ఇలాంటి స్కాన్ నమ్మదగిందో కాదో తెలుసుకోవడానికి ఒక తేలిక గుర్తుంది: అదే మెషీన్‌ని వెంటవెంటనే రెండుసార్లు స్కాన్ చేయండి. రెండుసార్లూ ఫిల్టర్డ్ పోర్టుల సంఖ్య మారుతోందంటే అది ఫైర్‌వాల్ పని కాదు, మీ ప్యాకెట్లు రాలిపోతున్నాయి. అసలు ఫైర్‌వాలే లేని డీవీఆర్‌లాంటి బొమ్మ మీద అక్కడక్కడ ఫిల్టర్డ్ అని చూపించినా ఇదే అనుమానించాలి.

మాస్‌స్కాన్ గురించి అడుగుతారని తెలుసు. రాబర్ట్ గ్రాహమ్ రాసిన ఆ టూల్ ఇంటర్నెట్ మొత్తాన్ని నిమిషాల్లో చుట్టేయడానికి పుట్టింది. సెకనుకి కోటి ప్యాకెట్ల లెక్కలు దానివి. ఇంటి రౌటర్ మీద దాన్ని వదలడం ఆటో స్టాండ్‌లో రోడ్డు రోలర్ తిప్పడమే.

చిన్న చిన్నవి: రివర్స్ డీఎన్ఎస్ వద్దనడానికి మైనస్ ఎన్ ఇవ్వండి, లోకల్ అడ్రస్‌లకి దాంతో పనే లేదు. మెషీన్ కచ్చితంగా ఉందని మీకు తెలిస్తే మైనస్ పిఎన్ ఇచ్చి 'ఉందా లేదా' అన్న పరీక్ష దాటేయండి. కానీ దాన్ని నెట్‌వర్క్ మొత్తానికి ఇవ్వొద్దు, లేని అడ్రస్‌ల తలుపులు కూడా కొడుతూ కూర్చుంటుంది. రౌటర్ పేజీలో డీహెచ్‌సీపీ లిస్ట్ తెరిచి, ఉన్న నాలుగైదు అడ్రస్‌లకే ఇవ్వండి. యూడీపీ జోలికి వెళ్తే మాత్రం కొన్ని పోర్టులకే పరిమితం అవ్వండి. లైనక్స్ మెషీన్లు 'మూసి ఉంది' అనే ఐసీఎంపీ జవాబుని సెకనుకి ఒకటే ఇచ్చే చోట 65,535 పూర్తవడానికి 18 గంటలు దాటుతుంది. అక్కడ మీరు ఏ ఆప్షన్ తిప్పినా లాభం లేదు.

అన్నిటికన్నా పెద్ద వేగం అసలు స్కానర్‌లో లేదు, ఫైర్‌వాల్‌లో ఉంది. అది మీదే అయితే మింగొద్దని చెప్పొచ్చు. ఇంట్లో రాస్‌బెరీ పై లాంటి లైనక్స్ బాక్స్ ఉంటే యుఎఫ్‌డబ్ల్యూలో లోకల్ నెట్‌వర్క్ వరకు డినై బదులు రిజెక్ట్ పెట్టండి. పోర్ట్ అలాగే మూసి ఉంటుంది, కాకపోతే 'మూసి ఉంది' అని నోరు తెరిచి చెబుతుంది. నిమిషాల స్కాన్ సెకన్లలో అయిపోతుంది. మౌనంగా ఉంటేనే భద్రం అని కొందరంటారు. నాకు ఆ మాట మీద పెద్ద గురి లేదు. తెరిచి ఉన్న పోర్ట్ ఒకటుంటే మిగతావి ఎంత మౌనంగా ఉన్నా మెషీన్ ఉన్నట్టు తెలిసిపోతుంది.

మళ్లీ తెనాలి

సంక్రాంతికి వెళ్లినప్పుడు ఈసారి తొందర పడలేదు. బిల్లింగ్ కంప్యూటర్ అడ్రస్ రౌటర్‌లో చూసుకుని మైనస్ పిఎన్‌తో కొట్టా. 40 సెకన్లు పడుతుందనుకుంటే పదిహేను కూడా పట్టలేదు. అప్పుడే అర్థమైంది, లోపల ఏదో ఒకటి పలుకుతోందని. ఒక్క పోర్ట్ జవాబిచ్చినా దూరం తెలుస్తుంది, ప్రోబ్‌ల సంఖ్య పెరుగుతుంది, స్కాన్ పరుగందుకుంటుంది. చూస్తే 5900 తెరిచి ఉంది. వీఎన్‌సీ! ఎప్పుడో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పెట్టిన అబ్బాయి దూరం నుంచి రిపేర్ చేయడానికి వేసుకుని, తీయడం మర్చిపోయాడు. పాస్‌వర్డ్ ఏంటని ఫోన్ చేస్తే షాపు పేరే చెప్పాడు.

డీవీఆర్ మీద మొత్తం పోర్టులు చూస్తే 34567 కనిపించింది. చాలా చవక డీవీఆర్‌లు మొబైల్ యాప్ కోసం వాడే పోర్ట్ అది. దసరాకి నేను వాడిన ఫాస్ట్ స్కాన్ చూసేది 100 పోర్టులే. మామూలు స్కాన్ 1000 చూస్తుంది. 34567 ఆ రెండు లిస్టుల్లోనూ లేదు. ఎంత వేగంగా తట్టినా, తట్టని తలుపు గురించి చెప్పలేం కదా.

ఇక మిగిలింది బయట నుంచి చూడటం. రౌటర్ పేజీలో ఉన్న వాన్ అడ్రస్, 'నా ఐపీ ఏంటి' అని వెబ్‌లో అడిగితే వచ్చే అడ్రస్ రెండూ ఒకటే, అంటే అది షాపు సొంత పబ్లిక్ అడ్రస్. ఇది తప్పకుండా చూడాలి. వాన్ అడ్రస్ 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీరు ఆపరేటర్ నాట్ వెనక ఉన్నట్టు. అప్పుడు బయట నుంచి మీరు కొట్టేది ఆపరేటర్ తలుపు, మీది కాదు. మీది కాని మెషీన్ మీద, హాస్టల్ వైఫైలో, ఆఫీసులో ఈ ప్రయోగాలు వద్దు. అనుమతి లేకుండా ఇంకొకరి కంప్యూటర్‌లోకి దూరడం ఐటీ చట్టం 2000లోని 43, 66 సెక్షన్ల కిందకి వస్తుంది, మూడేళ్ల వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా ఉన్నాయి. చేయి తిప్పుకోవాలనుకుంటే ఎన్‌మ్యాప్ వాళ్లే స్కాన్‌మీ అనే సర్వర్‌ని నేర్చుకునేవాళ్ల కోసం తెరిచిపెట్టారు, రోజుకి కొన్నిసార్లయితే ఏమీ అనరు.

బయట నుంచి 65,535 కొట్టాల్సిన పని కూడా లేదు. రౌటర్‌లో యూపీఎన్‌పీ పేజీ తెరిస్తే ఏ పోర్ట్‌కి దారి ఇచ్చిందో రాసి ఉంటుంది. 34567 అక్కడ ఉంది. డీవీఆర్ తనంతట తానే రౌటర్‌ని అడిగి తలుపు తెరిపించుకుంది. వైఫై ఆపి, మొబైల్ డేటా మీద మూడు పోర్టులు మాత్రం అడిగా: 5900, 34567, 80. నాలుగైదు సెకన్లలో జవాబు. 5900, 80 ఫిల్టర్డ్. 34567 ఓపెన్. దసరా నుంచి సంక్రాంతి దాకా, అంతకుముందు ఎన్నాళ్లో, బాబాయ్ క్యాష్ కౌంటర్ కెమెరాకీ ప్రపంచానికీ మధ్య ఉన్నది డీవీఆర్ పాస్‌వర్డ్ ఒక్కటే. అది ఫ్యాక్టరీ నుంచి వచ్చిందే, ఎవరూ మార్చలేదు. 2016లో మిరాయ్ అనే మాల్వేర్ ఇలాంటి డీవీఆర్‌ల్లోకి, కెమెరాల్లోకి ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌లతోనే దూరింది. ఆ అక్టోబర్ 21న డిన్ అనే డీఎన్ఎస్ కంపెనీ మీద పడితే ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటి సైట్లు చాలామందికి తెరుచుకోలేదు. అది దూరిన దారి టెల్‌నెట్, 23వ పోర్ట్. బాబాయ్ డీవీఆర్‌లో అదొక్కటీ మూసి ఉంది, అదే అదృష్టం.

రౌటర్‌లో యూపీఎన్‌పీ ఆపేశా, వీఎన్‌సీ తీసేశా, డీవీఆర్ పాస్‌వర్డ్ మార్చా. దాంతో ఇంటి నుంచి ఫోన్‌లో కెమెరా చూసే యాప్ ఆగిపోయింది. బాబాయ్‌కి అదే పెద్ద కష్టమైంది. షాపు రౌటర్‌లో వైర్‌గార్డ్ ఉండబట్టి దాన్ని సెట్ చేసి, ఫోన్‌లో ఒక స్విచ్ నొక్కితే లోపలికి వెళ్లేలా ఇచ్చా. మళ్లీ మొబైల్ డేటా మీద అవే మూడు పోర్టులు అడిగితే మూడూ ఫిల్టర్డ్. నమ్మకం లేక రెండోసారీ కొట్టా. అవే మూడు.

"పోయినసారి రెండు నిమిషాల్లో అయిపోయిందన్నావ్, ఇప్పుడు పొద్దున్నుంచీ కూర్చున్నావేంట్రా?" అన్నాడు బాబాయ్, బిల్లు కొడుతూ.

పోయినసారి ఈ కంప్యూటర్ నాకు కనపడలేదని అప్పుడు చెప్పేశా. ఆయన ఒక్క క్షణం కంప్యూటర్ వంక, ఒక్క క్షణం నా వంక చూసి, కుర్రాడిని పిలిచి రెండు టీలు చెప్పాడు.